గావు పట్టే నోరు

పొద్దు పొడవకముందే కురుమయ్య మామ మా గోడ పక్కనున్న యాపచెట్టు కిందికి వచ్చేటోడు. ముందు చెట్టుకు దండం పెట్టేటోడు, తర్వాత చిటికెన వేలంత పుల్ల ఒకటి విరిచేటోడు. ఇక ఎండ మా అరుగు మీదికి ఎక్కేదాక తోముతనే ఉండేటోడు. ఒక్కొక్క పన్నును విడివిడిగ, లోపల, బయట, సందులల్ల. బంగారం పనోడు నగకు మెరుగు పెట్టినంత ఓపికతోని. ఆఖరికి ఉప్పు, బొగ్గుపొడి కలిపి రుద్ది పుక్కిలించేటోడు.

"ఏం మామా, గీ వయసుల పెండ్లిచూపులకు పోతున్నవా?" అని నేను వాకిలి చల్లుకుంట అడిగేదాన్ని.

"ఇవి దేవుని పండ్లు పిల్లా. నేను కిరాయికున్నోణ్ణి. జాగా సాఫ్ ఉంచాలె గద," అనేటోడు.

ఇప్పుడు ఆ చెట్టుకు కింది కొమ్మలు బాగా వంగి పెరిగినయి. వాకిలి ఊడుస్తుంటే ఆకులు నెత్తికి తగులుతున్నయి. విరిచేటోడు లేడు.

కురుమయ్య మామ గొర్రెలు కాసేటోడు. మా ఊరు కల్వకుర్తికి ఆటోల అర్ధగంట దూరం. అంతా రాళ్ళ గుట్టలు, తుమ్మలు, మొక్కజొన్న చేన్లు. ఊర్ల కురుమోళ్ళకు బీరప్ప దేవుడు. బీరప్ప పండుగనాడు డోళ్ళు కొడుతుంటే మామకు శిగమొచ్చేది. శిగమంటే దేవుడు మనిషి మీదికి వచ్చుడు. మొఖం నిండ పసుపు బండారు, కాళ్ళకు గజ్జెలు. ఒక గొర్రెపిల్లను చేతులల్లకు ఎత్తుకోని, కత్తి లేకుంట, పండ్లతోనే గొంతు కొరికి దేవునికి ఇచ్చేటోడు. దాన్ని గావు పట్టుడంటరు. చూడనోళ్ళకు వింటేనే భయమైతది. నేను చిన్న కోడలిగ వచ్చిన ఏడు చూసిన. దండం పెట్టిన చేతులు దించుడు గూడ మరిచిపోయిన.

గావు పట్టుడు వాళ్ళ ఇంట్ల తాతల కాడినుంచి వస్తుంది. దానికి వాళ్ళింటి నియమం ఒకటి ఉంది. పరాయి పిల్లను పట్టొద్దు. సంతల కొన్నదాన్ని పట్టొద్దు. తన చేతులతోని పెంచిందే కావాలె. అందుకని మామ ఏటేటా ఒక పిల్లను తల్లి దగ్గర నుంచి తెచ్చుకోని, పేరు పెట్టి, వేలు చీకిపిచ్చి పాలు తాగించి పెంచేటోడు. చలికాలంల తన గొంగడిలనే పండుకోబెట్టేటోడు. అది ఆయన ఎనుక ఎనుకనే తిరిగేది. ఆయన బువ్వ తింటుంటే పళ్ళెంల మూతి పెట్టేది. సుక్కత్త, అంటే మామ పెండ్లాం సుక్కమ్మ, దాన్ని కసిరేది: "నీ మొగుడా ఏందే వాడు? జర నన్ను గూడ తిననీయ్!"

పండుగనాడు ఆ పిల్లను ఎవ్వరూ గుంజుకరావొద్దు. పేరు పెట్టి పిలిస్తే తనంతట తనే రావాలె. అంత డోలు మోతల, పటాకుల పొగల, ఏ గొర్రెపిల్లయినా బెదిరి ఉరకాలె. అది ఉరికేది కాదు. జనం పాయ తీసి తొవ్వ ఇస్తే, పసుపు పూసిన ఆ మొఖం దిక్కు మెల్లగ నడుచుకుంట వచ్చేది. ఆ నాలుగడుగులు చూడలేక నేను కండ్లు మూసుకునేదాన్ని.

శిగం దిగినంక మామకు ఏదీ యాదికుండేది కాదు. కూలబడి, చుట్టూర చూసి, ముందుగాల ఒక్కటే అడిగేటోడు.

"నా పిల్ల ఏది?"

జనమంతా నేలచూపులు చూసేది. జవాబు చెప్పేది సుక్కత్త ఒక్కతే. కొంగు తడిపి ఆయన మూతి తుడుచుకుంట, "దేవుని దగ్గరికి పోయింది. నీళ్ళు తాగు," అనేది. ఆయన నీళ్ళు తాగి ఏడ్చేటోడు. ఆ పొద్దు మెతుకు ముట్టకపోతుండె.

మిగతా ఏడంతా ఆయనంత సాధువు మా ఊర్ల లేడు. ముల్లు గుచ్చుకున్న చిన్నపోరగాండ్లు ఆయన దగ్గరికే పోయేది. సుక్కత్తకు కుడి భుజం పట్టేసి చెయ్యి నెత్తిదాక లేవకపోతుండె. అప్పటినుంచి ఆమె తల దువ్వుడు మామదే పని. మధ్యాహ్నం మంద నుంచి వచ్చి, అరుగు మీద కూసోని, ఆమెను ముంగట కూసోబెట్టుకోని, నూనె పెట్టి చిక్కు తీసి జడేసేటోడు. గొర్రెల బొచ్చు కత్తిరించే చేతులు, ఒక్క ఎంట్రుక గుంజకపోతుండె.

"అత్తా, మా ఇంటాయనకు జర నేర్పియ్యమను. చెంబెడు నీళ్ళన్న అందియ్యడు," అని నేనంటే, సుక్కత్త నవ్వి, "గొర్రెగ పుట్టి రా పిల్లా, మీ మామ నీకు గూడ చేస్తడు," అనేది.

వాళ్ళ కొడుకు గోపాల్ షాద్‌నగర్ల కంపెనీల పనిచేస్తడు. పెండ్లాం శోభతోని అక్కడనే కిరాయికుంటడు. కరోనా తగ్గుముఖం పట్టినంక పండుగకు వచ్చి, తండ్రికి కొత్త ఫోన్ తెచ్చిండు. మామకు చదువు రాదు. ఫోన్ మోగితే ఎవరిదో ఎరుకకాదు. అందుకని ఆ పోరడు ప్రేమతోనే ఒక పని చేసిండు. పండుగల తన తండ్రి గావు పట్టేటప్పటి డోలు దెబ్బను ఫోన్లకు ఎక్కించుకోని, తన నంబరుకు అదే మోగేటట్టు పెట్టిండు.

"బాపూ, డోలు మోగిందంటే నేనే అనుకో," అని చెప్పి బస్సెక్కిండు.

రెండో రోజు మధ్యాహ్నం నేను పెసర్లు చెరుగుతున్న. గోడకవతల డోలు మోగింది. ఏ పండుగ లేదు, పబ్బం లేదు, నట్టింట్ల డోలు. తర్వాత నూనెగిన్నె దొర్లిన సప్పుడు. ఆ తర్వాత ఏ సప్పుడూ లేదు. అదే నన్ను భయపెట్టింది. చాట కింద పారేసి ఉరికిన.

అరుగు మీద మామ కూలబడి ఉన్నడు. కండ్లు తెరిచే ఉన్నయి కాని ఎవర్నీ చూస్తలేవు. సుక్కత్త సగం అల్లిన జడ భుజం మీద పడి ఉంది. మెడ పక్క నుంచి నెత్తురు రైక మీదికి కారుతుంది. ఆమె తన మెడ పట్టుకోలేదు. కొంగు తడిపి ముందుగాల ఆయన మూతి తుడుస్తుంది.

మామకు సోయి వచ్చింది. చుట్టూర చూసిండు.

"నా పిల్ల ఏది?"

"పిల్ల లేదు, ఏం లేదు," అన్నది సుక్కత్త. గొంతు వణకలేదు. "కుక్కొచ్చింది. నన్ను కరిచి ఉరికింది. నువ్వు దాన్ని చూసి దడుసుకున్నవ్. నీళ్ళు తాగు." అని, నా దిక్కు తిరిగి, "కుక్క కరిచింది, పిల్లా. విన్నవా?" అన్నది.

"విన్న అత్తా," అన్న.

దవాఖానకు పోనీకి ఆటో పిలిస్తె, నడిపే పిలగాడు తన మెడల తువ్వాల తీసి ఆమె గాయం కింద పెట్టిండు, నెత్తురైతదని గూడ చూడకుంట. దవాఖానల నర్సమ్మ గాయం కడిగి, వంగి చూసింది.

"పెంచిన కుక్కనా, ఊరకుక్కనా?"

"ఊరకుక్కనే బిడ్డా," అన్నది సుక్కత్త. "పాపం, అది గూడ కావాలని కరవలే."

నర్సమ్మ ఆ గాయాన్ని చూసింది, నన్ను చూసింది. కుక్క పండు గిట్ల దిగదని ఆమెకు ఎరుకే. అయినా మళ్ళ అడగలేదు. కుక్క కరిచిందనే రాసుకోని, మెల్లగ పట్టీ కట్టింది. గాయం చుట్టూర సూదులు గుచ్చిన్రు. తర్వాత గూడ రమ్మన్నప్పుడల్లా పోయి సుక్కత్త కుక్క సూదులు ఏపిచ్చుకుంది, లేని కుక్క కోసం. ఆ పొద్దు తిరిగొచ్చే తొవ్వల ఆమె నాతోని చెప్పింది ఒక్కటే మాట: "గా ఫోన్ల డోలు తీసెయ్యి పిల్లా. గోపాల్ వాళ్ళ బాపుకు చెప్పొద్దు. పోరనికైతే అస్సలే చెప్పొద్దు."

తీసేసిన. గోపాల్ ఫోన్ చేసి, "అవ్వా, డోలు మంచిగ మోగుతుందా?" అని అడిగితే, "మోగుతుంది బిడ్డా, నువ్వొచ్చినట్టే ఉంటది," అన్నది.

అయితే ఆడిన అబద్ధానికి కాళ్ళొచ్చి ఊర్ల తిరిగింది. సుక్కమ్మను కుక్క కరిచిందంటే పోరగాండ్లు ఊకుంటరా? కట్టెలు పట్టుకోని బయలుదేరి, మా ఇంటి ముంగట రోజూ మెతుకులకు వచ్చే ఎర్రకుక్కను బడి ఎనుక కొట్టి చంపిన్రు. అది వాళ్ళను చూసి తోక ఊపిందట. సుక్కత్త గాయానికి ఏడ్వలేదు కాని ఆ మాట విని కొంగు నోట్ల పెట్టుకోని ఏడ్చింది.

కురుమయ్య మామ పోయి ఆ కుక్కను భుజాన ఏసుకోని తన చెల్క చేనుకు తెచ్చిండు. నేను పార పట్టుకోని ఎనుక పోయిన. గుంత తవ్విండు. తన పాత గొంగడి ముక్కల కుక్కను పెట్టిండు. చుట్టక ముందు దాని మూతి రెండు చేతులతోని తెరిచిండు. పండ్లు చూసిండు. చానసేపు చూసిండు. ఒక వేలు దాని కోర మీద పెట్టిండు. తర్వాత అదే వేలు తన నోట్లకు పోనిచ్చి తన కోర మీద పెట్టుకున్నడు.

గాలి లేదు. దూరంగ మంద మేస్తుంది. ఒక్క గొర్రె గూడ అరవలేదు. మామ కుక్క మూతి మూసి, కండ్లు మూసి, మట్టి కప్పిండు.

ఆ తెల్లారి నుంచి ఆయన మూతికి తువ్వాల వచ్చింది. ముక్కు కింది నుంచి గడ్డం దాక గట్టిగ చుట్టి, ఎనుక రెండు ముళ్ళు. బువ్వ తినేటప్పుడు, పొద్దుగాల యాపపుల్ల నమిలేటప్పుడు తప్ప తియ్యకపోతుండె. హోటల్ కాడ పోరగాండ్లు నవ్వేది: "ఏం తాతా, దేశమంతా పోయిన కరోనా నీ మూతిల దాసుకుందా?" ఆయన గూడ కండ్లతోని నవ్వేటోడు. "కుక్కకు గోరీ కట్టినోడు," అని ఇంకొకడనేటోడు. దానికి మాత్రం నవ్వకపోతుండె.

సుక్కత్త ఎప్పటిలెక్కనే మధ్యాహ్నం నూనెగిన్నె, దువ్వెన తెచ్చి, అరుగు మీద ఆయన ముంగట వీపు పెట్టి కూసునేది. పట్టీ ఉన్న మెడ ఆయన దిక్కే. భయం లేదు, బెదురు లేదు. పేరు పెట్టి పిలిస్తే వచ్చిన పిల్ల లెక్క. మామ ఆ మెడను చూసి, లేచి, గొర్రెల కాడికి పోయేటోడు. ఆమె చిక్కుపడ్డ తలతోని అట్లనే కూసోని ఉండేది. ఆఖరికి నేను పోయి దువ్వేదాన్ని.

"నాతోని ఏం తప్పైంది పిల్లా? నా తల గూడ ముట్టుకుంట లేడు," అన్నది ఒకరోజు. కరిచింది తనేనని ఆయనకు ఎరుకైందని ఆమెకు తెల్వదు. నేను చెప్పలేదు. గిట్ల దాచిపెడితె దేవుడు మెచ్చడని ఎరుకే. చెప్తే ఇద్దరిల ఎవరు ముందు కూలిపోతరో అర్థంకాలేదు.

ఏడు తిరిగి మళ్ళ పండుగ దగ్గరపడ్డది. కులపెద్ద ఒక పొద్దు వచ్చి అరుగు మీద కూసున్నడు.

"కురుమా, గీసారి ఏ పిల్లను పెంచినవ్? యాడా కనవడ్త లేదు."

మామ ఆ ఏడు ఏ పిల్లనూ పెంచలేదు. అప్పుడే సుక్కత్త దువ్వెన పట్టుకోని వచ్చి, అలవాటు మీద, ఆయన ముంగట వీపు పెట్టి కూసున్నది. మామ చూపు ఆమె మెడ మీద ఆగింది. ఆయన చేతివేళ్ళు అరుగు రాయి మీద కొట్టుకుంటున్నయి. నేను విన్న. అది డోలు దెబ్బే, అదే వరుస. ఆయన తన వేళ్ళను తనే చూసి, దడుసుకోని, రెండు చేతులు చంకలల్ల పెట్టుకున్నడు.

"పెంచలే అన్నా," అన్నడు.

"పెంచకుంటె ఎట్లరా? దేవుడు ఊకుంటడా?"

"ఊకోడు," అన్నడు మామ. "అదే నా ఫికర్."

మా బిడ్డ నిరోష పాలమూరుల డిగ్రీ చదువుతుంది. పరీక్షలకని ఇంటికొచ్చి, మా అరుగు మీద కూసోని చదువుకుంటుండె. ఫ్రెంచోళ్ళ పాత కథలల్ల ప్రేమ, హింస ఎట్లున్నయో రాయాలెనట. సుక్కత్త రోజూ వచ్చి, "గా దొరల కథ ఒకటి చెప్పవే," అని కూసునేది. మామ గోడకవతల నిలబడి వినేటోడు. తువ్వాల చుట్టిన తల ఒక్కటే గోడ మీద కనపడేది.

ఆ పొద్దు నిరోష ఒక పడవ నడిపేటోని కథ చెప్పింది. "వానికి పెండ్లామంటే ప్రాణం అవ్వా. ఇంకొకడు ఆమెను చూస్తున్నడని అనుమానం. ఆ ఇంకొకడు ఎక్కుతడని పడవ అడుగుకు తూటు పెట్టిండు. ఆ పొద్దు ఆ పడవ ఎక్కింది ఆమెనే."

"థూ, గదేం కథనే! పెద్ద సదువులల్ల గిట్లాంటియా నేర్పేది?" అన్నది సుక్కత్త.

"చాన మటుకు గిట్లనే ఉంటయవ్వా. ఎవరెక్కువ ప్రేమిస్తరో వాళ్ళ చేతులనే చావుంటది."

గోడ మీది నుంచి మామ గొంతు వచ్చింది. "బిడ్డా, గా దేశంల గూడ గిట్లనేనా?"

నిరోష నవ్వింది. "అన్ని దేశాలల్ల గిట్లనే తాతా."

"మరి ఆ పడవోనికి ముందుగాల ఎరుకైతే? తన చేతులనే ఆమె చావుందని ఎరుకైతే వాడేం చేస్తుండె?"

నిరోష జర ఆలోచించింది. "ముందుగాలనే ఎరుకైతే కథనే ఉండది తాతా."

మామ తువ్వాల ముడి బిగించుకున్నడు. తర్వాత, తనకు తనే చెప్పుకున్నట్టు, "కథ ఉండొద్దు," అన్నడు. తల గోడవతలికి పోయింది.

తెల్లారి యాపచెట్టు కింద ఎప్పటికన్న ఎక్కువసేపు తోమిండు. నమిలిన పుల్లను పారెయ్యలేదు. చెట్టు మొదట్ల పెట్టి, పసుపు చల్లి, వంగి మొక్కిండు. అప్పుడు నన్ను పిలిచి, "పిల్లా, నన్ను కల్వకుర్తికి తీస్కపో. పండ్ల డాక్టర్ కాడికి," అన్నడు. పాలమూరుల ఒకరి దగ్గరికి ముందే పోయి వచ్చిండట. ఆయన మాట వినక ముందే ఎల్లగొట్టిన్రట. ఆడమనిషి ఎంబడి ఉంటె జర వింటరని నన్ను తీస్కపోయిండు.

డాక్టరమ్మ పేరు ఉమారాణి. చిన్న వయసు. మామను కుర్చీల పండుకోబెట్టి, లైటు ఏసి, తువ్వాల తీపిచ్చి నోట్లకు చూసింది.

"అబ్బ! ఏ పన్ను నొస్తుంది తాతా?"

"ఏది నొయ్యదు బిడ్డా."

"మరెందుకొచ్చినవ్?"

"ముందటియి అన్ని పీకెయ్యాలె. పైవి, కిందివి. కోరలు గూడ."

ఆమె నవ్వింది. "ఇసొంటి పండ్లు నాకుంటే బోర్డు మీద నా ఫోటోనే పెట్టుకుంటుంటి. ఇవి నీకు నూరేండ్లొస్తయి తాతా."

"అదే భయం బిడ్డా," అన్నడు మామ.

ఆమె నవ్వు ఆగింది. మామ కుర్చీల లేచి కూసోని, చేతులు కట్టుకోని, అంతా చెప్పిండు. గావు, డోలు, ఫోన్, కుక్క. ఒక్కటి దాచలేదు. "మా దేవుడు పరాయిది అడగడు బిడ్డా. నేను పెంచిందే అడుగుతడు. నా ఎనుక తిరిగిందే, నేను పిలిస్తే వచ్చిందే కావాలె ఆయనకు. గీ ఏడు నేను ఏ పిల్లనూ సాకలే. ఇంట్ల ఉన్నది ఒక్కతే. ఫోన్ల డోలు ఎవరో తీసేసిన్రు గాని, నా చెవులల్లది పోలే. బొచ్చు కత్తిరిస్తుంటె మోగుతాంది. గొర్రెలు నడుస్తుంటె మోగుతాంది. ఆమె వచ్చి నా ముంగట కూసుంటె ఇంకా దగ్గరికొస్తాంది."

తీసింది నేనే. ఆయనకు అదీ ఎరుకే అనుకుంట. నా దిక్కు చూడకుంటనే చెప్పిండు.

డాక్టరమ్మ చేతిల అద్దం పక్కకు పెట్టింది. "మంచి పన్ను పీకుడు మా చదువుల తప్పు తాతా. పెద్ద దవాఖానల మనసుకు మందిచ్చే డాక్టర్లుంటరు. నేను చీటి రాసిస్త. నేనే ఫోన్ చేసి చెప్త."

"పోత బిడ్డా. నువ్వు పొమ్మన్న కాడికి పోత. కాని పండుగ వచ్చే ఆదివారమే. ఊరంతా డోళ్ళుంటయి. ఆమె మూతి తుడువనీకి కొంగు తడుపుకోని నా దగ్గర్నే నిలబడతది, ఏటేటా నిలబడ్డట్టు. వద్దంటె వినదు. పండ్లు లేనోణ్ణి ఊరోళ్ళు గావు పట్టమనరు. దేవుడు గూడ ఖాళీ ఇంట్ల ఏం చేస్తడు? తిరిగి పోతడు." తువ్వాలను మడిచి మోకాలు మీద పెట్టుకున్నడు. "నాకు ఆమె తల దువ్వాలెనని ఉంది బిడ్డా."

డాక్టరమ్మ చానసేపు కిటికీ దిక్కు చూసింది. బయట శ్రీశైలం బస్సు పోయింది. ఆమె లేచి చేతులు కడుక్కోని, కొత్త తొడుగులు ఏసుకుంది.

మామ మళ్ళ పండుకున్నడు. నోరు తెరిచి, అంతలనే మూసి, ఆమె చేతిని తన రెండు చేతులల్ల పట్టుకున్నడు.

"ఇంకొక్కటి బిడ్డా. నా పెండ్లాం రేపు వచ్చి నిన్ను అడుగుతది. పుచ్చిపోయినయని చెప్పు. కుక్కనే కరిచిందని నేను నమ్మినట్టే ఆమెకు ఉండాలె. దాని కోసం అన్ని సూదులు గుచ్చుకున్నది. గా ఒక్క అబద్ధం జర నా కోసం ఆడు."